జవాబు మారిపోయిన ప్రశ్న

"డాలస్‌లో ఉన్న పిల్ల ఏపీ గవర్నమెంట్ పరీక్ష ఎందుకు రాస్తోందే?" అని మా అమ్మ అడిగింది. మా అక్క కూతురు ఏప్రిల్ అంతా పొద్దున్నే ఏడింటికి నాకు వీడియో కాల్ చేసేది. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఈ ఏపీ ఆంధ్రప్రదేశ్ కాదమ్మా, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని చెప్పాను. స్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి మే నెలలో పరీక్ష రాస్తారు. మా అమ్మాయి తీసుకున్నది అమెరికా ప్రభుత్వం, రాజకీయాల పేపరు. అందులో రాజ్యాంగం, సుప్రీంకోర్టు తీర్పులు తప్పించుకోలేని భాగం.

నేను సోషల్ టీచర్ని కాబట్టి "పిన్నీ, హెల్ప్ చెయ్" అంది. సిలబస్‌లో 14 కేసులు తప్పనిసరి. అలవాటు ప్రకారం నేను ఒక ఆదివారం కూర్చుని టేబుల్ గీసి పంపాను: కేసు పేరు, సంవత్సరం, ఏ సవరణ కిందకు వస్తుంది, ఎవరు గెలిచారు. మన స్లిప్ టెస్టుకైతే ఇరవైకి ఇరవై వచ్చే మెటీరియల్ అది. తను చూసి, "ఇది నా దగ్గర ఉంది పిన్నీ. వాళ్లు ఎందుకు గెలిచారో చెప్పు" అంది. నేను నీళ్లు నమిలాను.

ఎందుకంటే ఆ పేపర్లో ఒక ప్రశ్న ఇలా వస్తుంది. సిలబస్‌లో లేని కేసు ఒకటి ఇస్తారు. ఏం జరిగిందో వాళ్లే క్లుప్తంగా చెబుతారు. దాన్ని సిలబస్‌లోని ఒక కేసుతో పోల్చి, తీర్పులు ఎందుకు ఒకేలా వచ్చాయో, ఎందుకు వేరుగా వచ్చాయో రాయమంటారు. టేబుల్ అక్కడ పనికిరాదు.

మేము ప్రాక్టీసుకు తీసుకున్న రెండు కేసులూ స్కూలు పిల్లలవే. మొదటిది సిలబస్‌లో ఉన్న టింకర్ కేసు. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డెమాయిన్‌లో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధంలో చనిపోయినవారి కోసం చేతికి నల్ల బ్యాడ్జీ కట్టుకుని బడికి వెళ్లారు. సస్పెండ్ చేశారు. 1969లో సుప్రీంకోర్టు 7–2తో పిల్లల పక్షాన నిలిచింది. వాళ్ల వల్ల క్లాసులేమీ ఆగిపోలేదు కదా అన్నది కోర్టు చూసిన ముఖ్యమైన విషయం.

రెండోది బార్నెట్ కేసు. వెస్ట్ వర్జీనియాలో రోజూ జెండాకు వందనం చేసి ప్రతిజ్ఞ చెప్పాలన్నారు. యెహోవా సాక్షుల కుటుంబాల పిల్లలు మా మతం ఒప్పుకోదన్నారు. బడి నుంచి పంపేశారు. 1943లో కోర్టు 6–3తో ఆ నిబంధన చెల్లదంది. మాట్లాడే స్వేచ్ఛలో మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉందన్నమాట. నల్ల బ్యాడ్జీ పిల్లలు చెప్పాలనుకున్నది బడి వద్దంది. ఈ పిల్లలు చెప్పలేమన్నది బడి చెప్పించబోయింది. రెండింటికీ మొదటి సవరణే ఆధారం. ఇంతవరకూ వచ్చేసరికి తను నాకంటే ముందుంది.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. బార్నెట్‌కు మూడేళ్ల ముందు, 1940లో, పెన్సిల్వేనియాలోని గొబైటిస్ పిల్లల కేసులో ఇదే ప్రశ్న ఇదే కోర్టు ముందుకు వచ్చింది. అప్పుడు 8–1తో బడి గెలిచింది. విభేదించిన ఒక్క జడ్జి హార్లన్ స్టోన్. తర్వాత ముగ్గురు జడ్జీలు తమ అభిప్రాయం తప్పని బహిరంగంగానే చెప్పారు. అంటే 1940లో "బడి గెలిచింది" అని బట్టీ పట్టిన విద్యార్థి 1943కల్లా తప్పు జవాబు రాస్తాడు. ఎందుకో తెలిసిన విద్యార్థి మాత్రం తీర్పు మారినప్పుడు దాన్ని పోల్చుకోగలడు.

ఇది వాళ్ల దేశం గొడవ అనుకోకండి. 1985లో కేరళలో అదే మతానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. స్కూలు తీసేసింది, హైకోర్టు కాదంది. 1986లో మన సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నప్ప రెడ్డి అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసినవారే. ఆ తీర్పులో బార్నెట్ కేసు ప్రస్తావన ఉంది. బీఈడీ చేసి, ఆర్టికల్ 19, ఆర్టికల్ 25 ఏళ్ల తరబడి పిల్లలతో అప్పజెప్పించిన నాకు ఈ కేసు డాలస్ పిల్ల పుణ్యాన తెలిసింది. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు, "సోషల్‌కి అంత టైమ్ ఎందుకు మేడమ్, బిట్స్ ఇచ్చేయండి, ఆ పీరియడ్ ఫౌండేషన్ మ్యాథ్స్‌కి వాడండి" అన్నారు. మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. ర్యాంకు మీదే అన్నీ ఆధారపడిన చోట ఉన్నాం. బట్టీ పూర్తిగా వద్దని కూడా నేను అనను. మా అమ్మాయి సైతం 14 కేసుల పేర్లు కంఠతా పట్టాల్సిందే. కానీ రాజ్యాంగం పాఠాన్ని "స్కోరింగ్ చాప్టర్" అని పిలవడం మాత్రం నాకిక నచ్చడం లేదు. రెండు పేజీల బిట్స్‌గా దాన్ని కుదించడానికి నేను ఒప్పుకోలేను, ఇన్నాళ్లూ ఆ పని చేసింది నేనే అయినా.

మా అమ్మాయి పరీక్ష అయిపోయింది. స్కోరు జూలైలో వస్తుంది. ఈ లోపు మన తొమ్మిదో తరగతిలో హక్కుల పాఠం మొదలుపెడతాను. కేరళ పిల్లల కేసులో జరిగింది మాత్రమే చెబుతాను, తీర్పు చెప్పను. మీ అబ్బాయో అమ్మాయో ఇంటికి వచ్చి "మీరే జడ్జి అయితే ఏం చేస్తారు?" అని అడిగితే, దయచేసి ఫోన్‌లో వెతికి జవాబు ఇవ్వకండి. భోజనాల దగ్గర కాసేపు వాదించండి. వాళ్లు రాసుకొచ్చిన తీర్పులు మర్నాడు క్లాసులో చదువుతాం.