థాయిలాండులో స్థలం ఎవరి పేరున?

మొన్న సంక్రాంతికి వచ్చిన మా బావగారు ఒక రంగుల పుస్తకం చూపించారు. థాయిలాండులోని ఫుకెట్ దీవిలో సముద్రం ఒడ్డున పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. మన కోనసీమ ఫోటో అంటే నమ్మేవాణ్ణే. మెట్టలో ఉన్న నాలుగెకరాలు అమ్మి ఆ ఇల్లూ స్థలమూ కొంటే టూరిస్టుల అద్దెల మీదే కాలు మీద కాలు వేసుకుని బతకవచ్చునని ఒక ఏజెంటు ఆయనకు నచ్చజెప్పాడట.

“దస్తావేజు ఎవరి పేరున రాస్తారు బావగారూ?” అని అడిగాను.

“కంపెనీ పేరున. అక్కడి మనుషులను వాటాదారులుగా పెడతారు. సంతకాల సంగతి ఏజెంటే చూసుకుంటాడు” అన్నారు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. రంపచోడవరం, అడ్డతీగల వైపు తిరిగినవారు ఇట్టే గుర్తుపడతారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1959లో చేసిన రెగ్యులేషనును 1970లో కట్టుదిట్టం చేశారు. అదే మనం 1/70 అంటున్న చట్టం. దాని ప్రకారం గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర కూడా అక్కడ భూమి కొనరాదు. అయినా పాలేరు పేరున కాగితాలు పుట్టించినవారూ, గిరిజన స్త్రీని ఇంట పెట్టుకుని ఆమె పేరున పొలం సంపాదించినవారూ ఉన్నారు. థాయిలాండులో ఆ గిరిజనుడి స్థానంలో థాయి వాటాదారు ఉంటాడు. గిరిజనేతరుడి స్థానంలో మన బావగారు ఉంటారు. తేడా అంతే.

అక్కడి భూచట్టం 1954 నాటిది. విదేశీయుడు తన పేరున భూమి కొనడానికి వీలు దాదాపు లేదు. నాలుగు కోట్ల భాట్ ఆ దేశంలో పెట్టుబడి పెట్టినవాడికి, మంత్రి అనుమతిస్తే, నివాసం నిమిత్తం ఒక్క ‘రాయ్’ స్థలం దక్కవచ్చు. రాయ్ అంటే మన లెక్కలో నలభై సెంట్లకు కొంచెం తక్కువ. ఇక కంపెనీలో విదేశీ పెట్టుబడి నూటికి 49 వంతులు దాటితే ఆ కంపెనీనీ విదేశీయుడి కిందే లెక్కిస్తారు. అందుకే ఏజెంట్లు 51 వంతులు థాయివారి పేరున రాయిస్తారు. ఆ థాయివారు తమ సొంత పైకం పెట్టకుండా పేరు మాత్రమే అరువిచ్చారని తేలితే 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం కింద మూడేళ్ళ వరకు జైలు, పది లక్షల భాట్ వరకు జరిమానా పడవచ్చు. పేరిచ్చినవారికీ తప్పదు, పేరు తీసుకున్నవారికీ తప్పదు. భూమిని ఏడాది మించకుండా అమ్మివేయమని ఉత్తర్వు వస్తుంది. అమ్మకపోతే సర్కారే అమ్మివేస్తుంది. గడువు మీద పడ్డ అమ్మకానికి ఏపాటి ధర పలుకుతుందో రైతులకు చెప్పనక్కర లేదు.

కౌలు పద్ధతి ఇంకొకటి ఉంది. “తొంభై ఏళ్ళ కౌలు” అని పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేశారు. ఆ దేశపు చట్టంలో కౌలుకు గరిష్ఠ గడువు 30 ఏళ్ళు. తర్వాత మళ్ళీ రాసుకోవచ్చునే గాని, ఆనాటికి భూమి ఎవరి చేతిలో ఉంటుందో, వారు ఒప్పుకుంటారో లేదో ఎవరు చెప్పగలరు? ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే కౌలుదారుడి మరణంతో కౌలు కూడా ముగుస్తుంది. పిల్లలకు ఆస్తి మిగల్చాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

సక్రమమైన దారి లేకపోలేదు. 1979 నాటి చట్టం ప్రకారం ఫ్లాటును విదేశీయుడు తన సొంత పేరునే రిజిస్టరు చేయించుకోవచ్చు. ఒక సముదాయంలోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటరాదు. పైకం విదేశీ ద్రవ్యంగా వచ్చినట్లు బ్యాంకు కాగితం చూపాలి. కానీ ఆ ఫ్లాటును టూరిస్టులకు రోజుల లెక్కన అద్దెకివ్వబోతే 2004 నాటి హోటళ్ళ చట్టం అడ్డు తగులుతుంది. బావగారు అద్దెల మీదే బతకాలనుకున్నారు కదా! పుస్తకంలో ఈ ముక్క ఎక్కడా కనపడలేదు.

మన వైపు సంగతులూ చూడాలి. ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు బ్యాంకు ద్వారా పంపవచ్చు. అందుకోసం ఇక్కడి బ్యాంకులు అప్పివ్వవు. హవాలాలో పంపితే నేరం. నాది వ్యవసాయాదాయమే, పన్ను లేదు అనుకునే రైతు సైతం విదేశంలో ఆస్తి ఉంటే ఆదాయపు పన్ను రిటర్ను వేసి అందులో చూపవలసిందే. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.

పరదేశీయుల మీద థాయివారికి ఇంత అనుమానమేమిటని బావగారు విసుక్కున్నారు. నేను ఆయనతో ఏకీభవించను. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి కుర్రవాడు తండ్రి పొలాన్ని వారసత్వంగా పొందవచ్చునే గాని, ఇక్కడ సెంటు వ్యవసాయ భూమి కొనరాదు. డాలర్లు పట్టుకుని వచ్చినవాడితో పోటీపడి పక్క పొలం రైతు కొనలేడు గనుక ఆ అడ్డు ఉండవలసిందే. మనకు న్యాయమైనది ఫుకెట్‌లో రబ్బరు తోట రైతుకు అన్యాయమెలా అవుతుంది? ఏజెంటు మీద రావలసిన కోపం చట్టం మీదికి మళ్ళింది, అంతే.

నా బలవంతం మీద బావగారు ఏజెంటుకు ఫోను చేసి, స్థలం నా పేరున రాయిస్తావా లేదా అని నిలదీశారు. మరునాడే ఏజెంటు మరో రంగుల పుస్తకం పంపించాడు. ఈసారి బాలి దీవి. ఇండోనేషియాలో 1960 నాటి భూచట్టం ప్రకారం భూమి మీద సంపూర్ణ యాజమాన్య హక్కు విదేశీయుడికి లేదు. ఆ పుస్తకంలోనూ కొబ్బరిచెట్లు ఉన్నాయి.