గోడకు కూలి ఇచ్చాం, మరి నేలకో?

సంక్రాంతి దగ్గర పడుతోందనో, ఇంట్లో పెళ్లి కుదిరిందనో రంగుల మేస్త్రీకి కబురు పెడతాం. ఆయన వచ్చి టేపు పట్టి గోడలు కొలుస్తాడు. లప్పం ఎన్నిసార్లు పెట్టాలి, ప్రైమరు మీద ఎన్ని కోటింగులు వెయ్యాలి, ఏ కంపెనీ ఎమల్షను, చదరపు అడుగుకి ఎంత అని గంటసేపు బేరమాడతాం. ఆఖరి కోటింగు ఆరిన సాయంత్రం డబ్బు లెక్కపెట్టి చేతిలో పెడతాం. నిచ్చెనలు, రోలర్లు ఆటో ఎక్కి వెళ్లిపోతాయి. అసలు చాకిరీ అప్పుడు మొదలవుతుంది. ఆ చాకిరీ గురించి బేరంలో ఒక్క మాట ఉండదు, దానికి కూలి ఉండదు. అడక్కుండానే అది ఇంటి ఆడవాళ్ల నెత్తిన, వాళ్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ల నెత్తిన పడుతుంది.

శుభ్రం చెయ్యడం రంగుల పనిలో భాగమే. దాన్ని బేరంలో చేర్చాలి, డబ్బిచ్చి చేయించాలి. ‘ఇల్లు తుడిచినందుకు కూడా డబ్బులా?’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లు ఆ పని ఎన్నడూ చేసి ఉండరు.

నేను హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. విజయవాడలో మాది పాత ఇల్లు. హాల్లో మొజాయిక్, వంటింట్లో కడప రాయి గట్టు, తలుపులకీ కిటికీ చువ్వలకీ ఎనామిల్. పోయిన వేసవిలో రంగులు వేయించాం. లప్పం ఆరాక ఉప్పు కాగితంతో రుద్దుతారు కదా, ఆ పొడి మైదాపిండికన్నా మెత్తన. ఫ్యాను రెక్కల మీద, స్విచ్చి బోర్డు సందుల్లో, దేవుడి పటాల వెనక, ఏసీ ఫిల్టర్లో, ఆఖరికి మూసిన బీరువాలో కూడా చేరుతుంది. అది కనబడగానే చాలామంది చేసే పని బకెట్టుడు నీళ్లు గుమ్మరించడం. లప్పంలో ఉండేది తెల్ల సిమెంటు. తడి తగిలితే ముద్దయి, టైల్సు సందుల్లో గట్టిపడి కూర్చుంటుంది. తర్వాత స్క్రూడ్రైవరు పెట్టి గీకాల్సిందే. ముందు పొడిగానే ఎత్తాలి. నేల మీద తడిపిన రంపపు పొట్టు చల్లి మెత్తటి చీపురుతో లాగితే దుమ్ము లేవదు. ఫ్యానుతో మొదలుపెట్టి నేలతో ముగించాలి. తడిగుడ్డ ఆ తర్వాత.

ఈ పనికి మేస్త్రీ తన కుర్రాణ్ణి ఒకణ్ణి ఉంచాడు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూడా కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని దిగింది. ఆవిడకి నెల జీతం ఇచ్చేది రోజూ ఊడ్చి తుడిచి అంట్లు తోమినందుకు. గదుల నిండా పేరుకున్న సిమెంటు పొడి ఆ జీతంలోకి రాదు. చాలా ఇళ్లలో ఇలాంటి రోజు దక్కేది అదనంగా ఓ గ్లాసు టీ, మహా అయితే ఒక పాత చీర. ఇద్దరికీ ఒకటే కూలి ఇస్తానంటే మేస్త్రీ, “ఆడమనిషికి కూడా అంతేనా మేడం?” అన్నాడు. పొడి ఇద్దరి ముక్కుల్లోకీ ఒకేలా పోతోంది కదయ్యా అన్నాను. మరి మాట్లాడలేదు.

ఇక మరకలు. మాకు తెలిసినవాళ్లు పాలరాతి గచ్చు మీద పడ్డ ఎనామిల్ చుక్కలకి బాత్రూం యాసిడ్ పోశారు. మరకలు అలాగే ఉన్నాయి, నునుపు మాత్రం పోయింది. ఇది పదో తరగతి పాఠం. ఆ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పాలరాయి, కడప రాయి, షాబాదు బండ అన్నిట్లోనూ ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేటు. రెండూ కలిస్తే బుసబుసా నురగ వస్తుంది. కరిగేది రాయి, రంగు కాదు. మొజాయిక్‌లోనూ పాలరాతి ముక్కలే ఉంటాయి. పైగా ఆ యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడర్ తోడైతే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో ప్రాణం మీదికొస్తుంది.

ఎమల్షన్ నీళ్లలో కలిసే రంగు. పచ్చిగా ఉండగానే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఆరిపోతే సబ్బునీళ్ల గుడ్డ కాసేపు పరిచి ఉంచి, కాలం చెల్లిన ఏటీఎం కార్డు అంచుతో గీకితే పొరగా లేస్తుంది. ఎనామిల్ నూనె రకం. దానికి టర్పెంటైన్ గుడ్డకి అద్ది తుడవాలి, అదీ కిటికీలు తెరిచి, స్టవ్ ఆర్పేశాక. చేతికంటిన ఎనామిల్‌ని పెయింటర్లు థిన్నర్‌తో కడుగుతారు, చర్మం పగులుతుంది. కాస్త వంటనూనె రుద్ది, తర్వాత సబ్బు పెడితే చాలు.

పాత తలుపుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు పూసిన ఎనామిల్‌లో ఎంత సీసం ఉందో చూసి చెప్పలేం. దాన్ని పొడిగా గీకితే దుమ్మై నేల మీద పడుతుంది. పాకే పిల్లలు ఆ నేల మీద ఆడి, అవే చేతులు నోట్లో పెట్టుకుంటారు. పిల్లల మెదడుకి సీసం చేసే చెరుపు అంతా ఇంతా కాదు, ఒంట్లో ఇంతవరకైతే పర్వాలేదనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పాత రంగుని తడుపుతూనే రుద్దించాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిపించి, రాలినదంతా అందులోనే చుట్టి తీయించాలి. ఇంత జాగ్రత్తగా చెయ్యాల్సిన పనిని ఎవరూ ఊరికే చెయ్యరు.

సున్నం వేసుకునే రోజుల్లో ఇంత బాధ లేదు. మిగిలింది కొబ్బరి చెట్ల మొదళ్లకి పూసేవాళ్లు. ఇప్పుడు మిగిలిన రంగు, బ్రష్షులు కడిగిన నీళ్లు, వాడేసిన థిన్నర్ అన్నీ సైడు కాలువలోకే. మా ఊరి నడుమ నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పోతాయి. ఊరి మురుగు వాటిలో కలుస్తోందన్న గొడవ ఈనాటిది కాదు. దిగువ పల్లెలవాళ్లు చెరువులు నింపుకుని తాగేది ఆ నీళ్లే. మన గోడల మెరుపు కోసం వాళ్ల తాగునీళ్లు పాడుచెయ్యడం ఏం న్యాయం?

దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. వాడిన థిన్నర్‌ని సీసాలో పోసి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేరినదాన్ని మళ్లీ వాడుకోవచ్చు. మిగిలిన ఎమల్షన్ డబ్బాకి మూత గట్టిగా బిగించి, ఏ గదిదో, షేడు నంబరెంతో దాని మీద రాసి దాచుకుంటే రేపు మేకు కొట్టిన చోట పనికొస్తుంది. అడుగున కొద్దిగా మిగిలితే ఇసుక కలిపి ఎండబెట్టాలి.

పెయింటు డబ్బాలు మామూలు చెత్త కాదు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వాటిని పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, వాడిన సూదులతో కలిపి ఇళ్లలో పుట్టే ప్రమాదకర వ్యర్థాల కింద చేర్చాయి. పట్టణాల్లో 20 చదరపు కిలోమీటర్లకి ఒకటి చొప్పున వాటిని తీసుకునే కేంద్రం పెట్టాలని, అది తెరిచి ఉండే వేళలు ప్రకటించాలని చెప్పాయి. మన రాష్ట్రంలో 2021లో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం కింద ఇంటింటికీ మూడేసి బుట్టలు ఇచ్చినప్పుడు ఎర్రది ఇలాంటి వాటికోసమే అన్నారు. మా వీధిలో ఆ ఎర్రబుట్టల్లో బట్టల క్లిప్పులున్నాయి, ఉల్లిపాయలున్నాయి. మన తీరు మనం దిద్దుకోవాలి. ఆ కేంద్రం ఎక్కడుందో ప్రతి వార్డు సచివాలయం గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాల్సింది మాత్రం పురపాలకులే.

నేను మేస్త్రీలని తప్పుపట్టడం లేదు. చదరపు అడుగు లెక్కలో వాళ్లకి దక్కేది గోడ డబ్బు మాత్రమే. మనం ఒక్క పూట తట్టుకోలేని ఘాటులో వాళ్లు ఏళ్ల తరబడి బతుకుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి అనుబంధమైన క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటరు వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. అలాంటి మనిషిచేత రెక్కలు నొప్పెట్టేదాకా పనిచేయించుకుని, ఆ నేల కూడా కాస్త తుడిచిపో అనడం దబాయింపు. అందుకే ముందుగానే కాగితం మీద పెట్టుకోవాలి: నేలకీ బోర్డులకీ కప్పడానికి పట్టాలు, టేపు ఎవరు తేవాలి, రోజూ సాయంత్రం చుక్కలు తుడిచేది ఎవరు, ఆఖరి రోజు ఎంతమంది శుభ్రం చేస్తారు, వాళ్ల కూలి ఎంత, మిగిలిన సరుకు ఎవరిది. చివరి విడత డబ్బు గోడలతోపాటు నేల కూడా చూసుకుని ఇవ్వాలి.

ఈసారి మేస్త్రీ గోడలు కొలిచి రేటు చెప్పాక, “శుభ్రానికి ఎంత?” అని కూడా అడగండి. ఆయన చెప్పిన అంకె మీద మాత్రం బేరమాడకండి.