ఏ జిల్లా తల్లులు?

2016 అక్టోబరు 11న పాత వరంగల్ ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి విడి జిల్లాలయ్యాయి. తల్లీబిడ్డల లెక్కలకు అదే పెద్ద చిక్కు. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వరంగల్‌ను ఒకటిగానే చూసింది. ఐదోదానికి 2019లో మన దగ్గర ఇల్లిల్లూ తిరిగారు, కానీ 2017 మార్చి నాటి సరిహద్దులతో. అంటే ఆ ‘భూపాలపల్లి’లో ఇప్పుడు విడి జిల్లా అయిన ములుగు కూడా ఉంది. మేడారం దాకా విస్తరించిన ఆ ఏజెన్సీ పల్లెలనూ, ఇటు బొగ్గుగనుల ఊళ్లనూ కలిపి తీసిన సగటు ఎవరిదని చెప్పాలి? అయినా రెండు సర్వేల మధ్య ఇంత తగ్గింది, అంత పెరిగిందని జిల్లాలవారీగా పోల్చేస్తుంటారు. నాకైతే ఒళ్లు మండుతుంది.

రక్తహీనత సంగతీ అంతే. రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు ఉందని తేల్చింది ఐదో సర్వే. పరీక్ష వేలికొస నుంచి పిండిన చుక్కతో. నరం నుంచి తీసిన రక్తంతో చూస్తే లెక్క మారొచ్చని పరిశోధకుల వాదన. ఐరన్ మాత్రలు పంచేవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక సర్వేలో అడిగే మాట. మహబూబాబాద్ తండాలో లంబాడీ మాట్లాడే పిల్లతల్లిని పుస్తకాల తెలుగులో అడిగితే ఏం చెబుతుంది? కాన్పు తేదీ అడగొద్దు, బతుకమ్మకు ముందా, తర్వాతా అనండి, చెబుతుంది. ఈ కిటుకు ఆశా కార్యకర్తలకు ఎప్పుడో తెలుసు. అందుకే ఈ సంచికలో మొదటి పేజీలు వాళ్లకిచ్చాం, ప్రొఫెసర్లు వెనక ఉన్నారు.