మందుతో పాటు మందలిచ్చే మనిషి కావాలె

2009 నవంబర్ 29న కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేసిన కేసీఆర్‌ను పోలీసులు తెచ్చింది మా ఖమ్మానికే. ముందు జైలు, తర్వాత దవాఖాన, ఆ తర్వాత హైదరాబాద్ నిమ్స్. దీక్ష విరమించిన డిసెంబర్ 9 దాకా తెలంగాణ అంతా డాక్టర్ల బులెటిన్ల కోసం టీవీల ముందు కూర్చున్నది. బీపీ ఎంత, షుగర్ ఎంత అని చదువు రాని అవ్వలు కూడా అడిగారు. ఒక్క మనిషి రక్తపోటు కోసం ఒక ప్రాంతమంతా ఊపిరి బిగబట్టిన రోజులవి. మేము అప్పుడు ఖమ్మం రోడ్ల మీదనే ఉన్నాం.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆనాడు టీవీ ముందు కూర్చున్న అవ్వ బీపీ ఎంత? మీ నాయిన బీపీ ఎంత? పోనీ, మీదెంత?

జవాబు తెలవదు. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటినా తెలవదు. ఖమ్మం పట్నంలోనే తెలవకపోతే, గోదావరి దాటి చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఎట్లా తెలుస్తది?

ఆ పట్టున తిరిగిన వాళ్లెవరైనా చూసే ఉంటారు. పెద్ద గూడెంలో కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడో, మూతి వంకర పోయిన తల్లో, చెయ్యి పడిపోయి అరుగు మీదనే కూర్చున్న ముసలాయనో ఒకరు కనబడతారు. అడిగితే "గాలి తగిలింది" అంటారు. పసరు పోసుకుంటారు, పావురం రక్తం రుద్దుకుంటారు. వాళ్లను చూసి నవ్వే హక్కు మనకు లేదు. వేరే దారి ఎవరు చూపించారు?

చర్ల దిక్కు ఒక కోయ గూడెంలో మేము చూసిన ఇంటి సంగతి చెప్తాం. యాభై ఏండ్లు నిండని మనిషి. మిర్చి కోతకు పోయి చేన్లోనే పడిపోయాడు. ఆరెంపీ వచ్చి సెలైన్ ఎక్కించాడు. తెల్లారితే బాగవుతుందని చూశారు. భద్రాచలం చేరేసరికి ఒక రోజు గడిచింది. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ పని చేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. అది కూడా తల స్కాన్ తీసి చూసిన తర్వాతనే. చర్ల నుంచి భద్రాచలమే దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఖమ్మం ఇంకో వందకు పైనే.

అంతకుముందు ఎప్పుడన్నా బీపీ చూశారా అని అడిగినం. ఇల్లాలు లోపలికి పోయి గోడకు తగిలించిన కవర్ ఒకటి తెచ్చింది. అందులో బీపీ గోలీలు. పట్టీ చింపనే లేదు. ఎక్కడో శిబిరంలో ఇచ్చారట. ఎందుకు వేసుకోలేదంటే, "తల నొయ్యలే, కడుపు నొయ్యలే. మంచిగున్న మనిషికి గోలి ఎందుకు?" అన్నది.

గోలి ఆ ఇంటి దాకా చేరింది. దాని వెంట చేరాల్సిన ముచ్చట చేరలేదు. మా వాదన అంతా ఇంతే.

బీపీ నొప్పి పెట్టదు, జ్వరం తేదు. పై అంకె 140, కింది అంకె 90 దాటి నిలిచిపోతే లోపల రక్తనాళాలు ఏండ్ల తరబడి దెబ్బతింటూ పోతాయి. ఒకనాడు మెదడులోనో, గుండెలోనో బయటపడుతుంది. పై అంకెను పది పాయింట్లు తగ్గించగలిగితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గుతుందని ప్రపంచవ్యాప్త పరిశోధనలు లెక్క తేల్చాయి. దీనికి రోజుకొక చిన్న గోలి, కొంత ఉప్పు తగ్గించుడు, బీడీ మానుడు చాలు. కానీ నొప్పి లేని జబ్బుకు రోజూ మందు మింగమంటే ఏ మనిషీ ఒక్క మాటతో ఒప్పుకోడు. నమ్మినోళ్లు పదిసార్లు వచ్చి చెప్పాలె.

ఇది పట్నపోళ్ల జబ్బు, బలిసినోళ్ల జబ్బు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మనకు దిగువన గోదావరి పల్లెలు 45 ఎంచుకొని 2003-04లో పరిశోధకులు చావుల లెక్క తీశారు. ఇంటింటికీ పోయి ఎట్లా పోయారో అడిగి రాసుకున్నారు. వందలో 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు ఆ దరిదాపుల్లో లేవు. డెల్టా వేరు, అడవి వేరు అనొచ్చు. నిజమే. కానీ అడవి మునుపటి అడవా? జొన్న, సామ, కొర్ర పోయి రేషన్ బియ్యం వచ్చింది. కూరకు ఎండుచేప, కూర లేనినాడు ఉప్పు కారం. తునికాకు కోసే చేతుల్లోనే బీడీ. మలేరియా పూర్తిగా పోకముందే బీపీ వచ్చి కూర్చున్నది. దవాఖాన కండ్లు మాత్రం జ్వరం మీదనే ఉన్నాయి.

ఉమ్మడి రాష్ట్రంలో ఏం జరిగిందో మనకు తెలుసు. 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. గుండె ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చారు. ప్రాణాలు నిలబడ్డ మాట నిజం. పైసలు కార్పొరేట్ దవాఖానలకు పోయిన మాట కూడా నిజం. మనిషి పడిపోయినంక లక్షలు పెట్టిన సర్కారుకు, పడిపోకముందు ఊరికొక బీపీ మిషన్ పెట్టాలన్న సోయి లేకపోయింది. 2008లో వచ్చిన 104 బండి ఒక్కటి వేరే తీరు. దవాఖానకు దూరంగా ఉన్న ఊర్లకు నెలకొక్కసారి పోయి, బీపీ, షుగర్ చూసి, నెలకు సరిపడా గోలీలు ఇచ్చేది. మంచిని మంచి అనాలె. అయితే అది వచ్చి పోయే బండి. నెలలో మిగిలిన రోజులు ఊర్లో దాని మాట మాట్లాడే మనిషి లేడు. తర్వాత తెలంగాణలో ఆ బండి కూడా ఆగిపోయింది.

స్వరాష్ట్రంలో పనులు కాలేదని మేము అనం. పల్లె దవాఖానలు వచ్చాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది. బిల్డింగులు వచ్చాయి, కార్డులు వచ్చాయి, గోలీలు వచ్చాయి. మందలిచ్చే మనిషే రాలేదు.

ఈ మాట కావాలనే వాడుతున్నాం. కోస్తా తెలుగులో, బడి పుస్తకంలో మందలించడం అంటే తిట్టడం. మన తెలంగాణలో మందలిచ్చుడు అంటే పలకరించుడు, మంచిచెడ్డ అడుగుడు. మన ఆరోగ్య శాఖకు ఇప్పటిదాకా తెలిసింది బడి పుస్తకం అర్థమే. "ఉప్పు తినకు, బీడీ తాగకు, కల్లు ముట్టకు. చెప్తే వినవు, పడిపోయి వస్తవు." ఇదీ వరుస. వేరే దేశాల్లో ఇప్పుడు హెల్త్ కోచింగ్ అని దేన్ని అంటున్నారో అది మన అర్థంలో మందలిచ్చుడే. పేరు కొత్తది, పని పాతది.

అది ఎట్లా ఉంటది? వచ్చిన మనిషి ముందు అడుగుతుంది, వింటుంది. రోజుకు ఎన్ని బీడీలు? ఇంట్లో నెలకు ఎంత ఉప్పు కొంటున్నరు? రోజుకు మనిషికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మనం దానికి రెట్టింపు దాకా తింటున్నాం. అన్నీ ఒక్కసారి మానమని చెప్పదు. ఈ నెల ఏ ఒక్కటి నీ చేతనైతదో నువ్వే చెప్పు అంటుంది. ఎండుచేప వండిన నాడు పచ్చడి వద్దనుకుంటాడో, కట్ట బీడీలను సగం కట్టకు తెస్తాడో, గోలిని పొద్దున చాయ్‌తో వేసుకుంటానంటాడో, అతని ఇష్టం. ఆ మాట రాసుకొని పోతుంది. వచ్చే నెల మళ్లీ వచ్చి బీపీ చూసి అంకె చూపిస్తుంది. తగ్గితే ఇద్దరూ సంబరపడతారు. తగ్గకపోతే ఎక్కడ అడ్డం పడిందో మాట్లాడుకుంటారు. ఇదంతా కోయ గూడెంలో కోయ మాటలో జరగాలె.

ఉద్యమం చేసిన మనకు ఇది కొత్తగా చెప్పాలా? కరపత్రంతో తెలంగాణ రాలేదు. ఇల్లిల్లూ తిరిగి, అరుగుల మీద కూర్చొని, ఆట పాట కట్టి, ఒక్కొక్కరిని ఒప్పిస్తే వచ్చింది.

గోదావరి దిక్కు 44 ఊర్లలో జరిగిన ప్రయోగం కూడా ఇదే చెప్పింది. కొన్ని ఊర్లలో గుండె జబ్బుల మీద ప్రచారం చేశారు. కొన్ని ఊర్లలో డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్తకు ఒక సులువైన పద్ధతి నేర్పి, ముప్పున్న వాళ్లను గుర్తుపట్టే పని అప్పజెప్పారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ప్రచారంతో జనం తెలివిడిలో కనబడేంత తేడా రాలేదు. కార్యకర్త ఉన్న చోట మాత్రం ముప్పున్న వాళ్లు ఎక్కువమంది దొరికారు. పశ్చిమ గోదావరిలో తర్వాత ఆశాల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి చేసిన ప్రయోగంలో బీపీ అదుపు పెద్దగా మెరుగుపడలేదని 2019లో తేలింది. అంటే మిషన్ ఇచ్చి చేతులు దులుపుకుంటే కాదు. మనిషి, మందు, మళ్లీ మళ్లీ రావుడు, మూడూ కలిస్తేనే పని.

మనలాంటి అడవి సరిహద్దు ఒకటి ఫిన్లాండ్‌లో ఉన్నది. రష్యాను ఆనుకున్న ఉత్తర కరేలియా. చెట్లు కొట్టి బతికే జనం. అక్కడి మగవాళ్లు నడివయసులోనే గుండెపోటుతో రాలిపోయేవాళ్లు. 1971లో ఆ ప్రాంత ప్రతినిధులు సంతకాలు చేసి తమ సర్కారుకు దరఖాస్తు పెట్టారు: మా చావులకు ఏదన్నా చెయ్యండి అని. 1972లో పని మొదలైంది. డాక్టర్ల కంటే ఎక్కువగా ఊరి ఆడవాళ్ల సంఘాలు వంటింట్లోకి పోయాయి, ఊర్లో మాట చెల్లే మనుషులకు శిక్షణ ఇచ్చారు. ముప్పై ఐదు, నలభై ఏండ్లలో పనిచేసే వయసు మగవాళ్ల గుండెజబ్బు చావులు ఎనభై శాతానికి పైగా తగ్గాయి. ఆ మార్పు ఒక దరఖాస్తుతో మొదలైందని మరవొద్దు. 1969లో ఉద్యమం మొదట రాజుకున్నది పాల్వంచ, ఖమ్మంలోనే. ఈ దరఖాస్తు కూడా ఇక్కడి నుంచే పోవాలె.

ఏం అడగాలె? ఒకటి, గూడేనికి చెందిన, గూడెం మాట వచ్చిన మనిషికి శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి ఈ పని అప్పజెప్పాలె. ఇప్పటికే మోయలేని బరువు మోస్తూ జీతం కోసం రోడ్డెక్కుతున్న ఆశా నెత్తిన ఇంకో మూట పెట్టొద్దు. రెండు, నెల గోలీలు నడిచిపోయే దూరంలో, ఒక్క నెల కూడా తప్పకుండా దొరకాలె. దేశ బీపీ నియంత్రణ కార్యక్రమం 2017లో మొదలైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఊరి దగ్గర మందు, ఒకే పద్ధతి, ప్రతి మనిషికి లెక్క అన్నది దాని సూత్రమే. ఆ సూత్రం చివరి గూడెం దాకా పోవాలె. మూడు, వారపు సంతలో, తునికాకు కల్లంలో, రేషన్ దుకాణం ముందర బీపీ మిషన్ ఉండాలె. నాలుగు, మూతి వంకర పోతే, చెయ్యి లేవకపోతే, మాట తడబడితే ఏ దవాఖానకు పోవాలో, స్కానింగు, ఇంజక్షన్ ఎక్కడున్నాయో ప్రతి ఊరికి ముందే తెలిసి ఉండాలె.

ఐదోది సరిహద్దు సంగతి. 2014లో ఏడు మండలాలను మన నుంచి తీసి ఆంధ్రలో కలిపారు. ఎటపాక, చింతూరు జనానికి, ఛత్తీస్‌గఢ్ కుంట దిక్కు నుంచి వచ్చే వాళ్లకు ఇప్పటికీ భద్రాచలమే దవాఖాన. రక్తానికి సరిహద్దు తెలవదు. బీపీ కార్డు ఒక దిక్కు రాస్తే మూడు దిక్కులా చెల్లాలె.

సర్కారు చేసేలోపు మనం ఊకె కూర్చోవద్దు. టెంట్ల కింద చాయ్ మీద చాయ్, సిగరెట్ మీద సిగరెట్ తాగి ఉద్యమం చేసిన మనకు కూడా నలభై దగ్గర పడుతున్నది. ఆనాడు బులెటిన్ల కోసం కాచుకున్నట్టే ఈ వారం మీ ఇంటి బులెటిన్ మీరు తీయండి. అవ్వది, నాయినది, మీది. అంకె ఎక్కువ వస్తే తిట్టకండి. పక్కన కూర్చొని మందలియ్యండి.