పింగళ కథ మనది, ఆమెకు నీడనిచ్చే ఇల్లు ఎవరిది?



వీధిబాలల నడుమ, వేశ్యావృత్తిలో చిక్కుకొన్న స్త్రీల నడుమ క్రైస్తవ మిషనరీలు చేస్తున్న సేవను గురించి మన సత్సంగాలలో తరచుగా ఒక మాట వినిపిస్తుంది: "అది సేవ కాదు, మతం మార్చడానికి పన్నిన వల." ఈ మాట కొన్నిచోట్ల సత్యమే కావచ్చును. అయితే అంతటితో విచారణ ముగియదు. ఆ బిడ్డ ఆకలితో ఉన్న రాత్రి మనం ఎక్కడున్నాము అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. దానిని ఆవేశం లేకుండా విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

పండిత రమాబాయి 1858లో జన్మించింది. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, నాటి పెద్దలు వలదన్నా భార్యకు సంస్కృతం నేర్పిన విద్వాంసుడు. తల్లిదండ్రులతో క్షేత్రాలు తిరుగుతూ పురాణ ప్రవచనాల మధ్య పెరిగిన ఆమెకు భాగవతం కంఠస్థం. 1878లో కలకత్తా పండితులు ఆమె పాండిత్యాన్ని పరీక్షించి 'పండిత', 'సరస్వతి' అనే బిరుదులతో సత్కరించారు. అట్టి విదుషీమణి 1883లో ఇంగ్లండులో క్రైస్తవం స్వీకరించింది.

ఏ వాదం ఆమెను జయించింది? తన కథను ఆమె స్వయంగా వ్రాసుకొన్నది. అందులో ఆమె హృదయాన్ని కదిలించినట్లు చెప్పినది శాస్త్రచర్చ కాదు. లండనులోని ఫుల్హాంలో క్రైస్తవ సన్యాసినులు, లోకం పతితలని వెలివేసిన స్త్రీలను చేరదీసి గౌరవప్రదమైన జీవనానికి మరలించడం ఆమె ప్రత్యక్షంగా చూసింది. ఇంతటి కరుణకు మూలమేమిటని అడిగింది. మన స్మృతులలో అట్టి స్త్రీలకు విధించిన కఠిన దండనలు ఆమెకు తెలుసు. వారి ఉద్ధరణ కోసం మనవారు నెలకొల్పిన ఆశ్రయాన్ని మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. భాగవతం కంఠస్థమైన ఆమెకు ఏకాదశ స్కంధంలోని పింగళోపాఖ్యానం తెలియదా? విదేహ నగరంలోని ఆ వేశ్య ధనమిచ్చే పురుషుని కోసం అర్ధరాత్రి వరకు వాకిట నిరీక్షించి, ఎవరూ రాక, ఆ నిరాశలోనే నిర్వేదం పొంది, హృదయంలో ఉన్న పరమాత్మను గుర్తించింది. అవధూత యదుమహారాజుకు తన ఇరువదినలుగురు గురువులను చెబుతూ ఆమెను కూడా ఒక గురువుగా పేర్కొన్నాడు. ఇంతటి ఉదాత్తత మన గ్రంథంలోనే ఉన్నది. ఇకమీద యాదృచ్ఛికంగా లభించినదానితోనే జీవిస్తానని పింగళ నిశ్చయించుకొన్నది. ఆ యాదృచ్ఛిక లాభం ఎవరో ఒకరి చేతి మీదుగా రావాలి కదా! కథను మనం ప్రవచనంలో చెప్పుకొన్నాము. అన్నం పెట్టి, నీడ ఇచ్చే ఇంటిని వేరొకరు కట్టారు. రమాబాయి ఆ ఇంటిని చూసింది.

ఛాందోగ్యంలోని సత్యకాముని వృత్తాంతమూ అట్టిదే. నీ గోత్రమేమిటని హారిద్రుమత గౌతముడు అడిగితే, ఆ బాలుడు తల్లి చెప్పిన మాటను దాచకుండా నివేదించాడు: యౌవనంలో అనేకుల ఇండ్లలో పరిచర్య చేస్తూ తనను కన్నదట, గోత్రం ఆమెకు తెలియదట. ఆచార్యుడు ఆ సత్యవచనాన్నే అర్హతగా గ్రహించి ఉపనయనం చేశాడు. నేటి రైల్వే ప్లాట్‌ఫారం మీద తండ్రి పేరు తెలియని బిడ్డ ఆ సత్యకామునికి ఏ విధంగా భిన్నుడు? నరకుని చెరలో మగ్గిన పదహారువేల స్త్రీలను విడిపించి ఊరుకోక, వారిని స్వీకరించి సంఘంలో గౌరవస్థానం కల్పించిన శ్రీకృష్ణుని కథను మనం ప్రతి దీపావళికీ చెప్పుకొంటాము. చెర విడిపించడంతో ధర్మం పూర్తి కాదనీ, తరువాత వారిని ఎవరు స్వీకరిస్తారన్నదే ముఖ్యమనీ ఆ కథ బోధిస్తున్నది.

రమాబాయి స్వదేశానికి వచ్చి 1889లో బొంబాయిలో శారదా సదనం స్థాపించింది. అది తరువాత పుణెకు తరలింది. అక్కడి బాలవితంతువులు ఆమె ప్రార్థనలలో పాల్గొంటున్నారని వివాదం చెలరేగి, 1893లో రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘం నుండి తప్పుకొన్నారు. వారి ఆక్షేపణ నిరాధారమని నేను అనను. నమ్మి అప్పగించిన బాలికల విశ్వాసాన్ని రక్షించవలసిన బాధ్యత సంస్థపై ఉన్నది. కాని ఆక్షేపించిన పత్రికలు ఎందరు బాలికలకు వేరొక నీడ చూపాయి? అదే 1893లో ధొండో కేశవ్ కర్వే, శారదా సదనంలో చదువుకొన్న గోదూబాయి అనే బాలవితంతువును వివాహమాడి, స్వగ్రామంలో బహిష్కారాన్ని సహించాడు. 1896లో వితంతువులకు, అనాథ బాలికలకు ఆశ్రమం స్థాపించాడు. 1916లో మహిళా విశ్వవిద్యాలయానికి బీజం వేశాడు. మిషనరీ సేవకు హైందవ సమాజం ఇచ్చిన సమాధానాలలో కర్వే ఇచ్చినదే నిలిచింది. రమాబాయి కూడా తన మార్గంలో ముందుకు సాగి, 1896-97 నాటి కరవులో అనాథలైన వందలాది స్త్రీలను, బాలికలను కేడ్‌గావ్‌లోని ముక్తి సదనంలో చేర్చుకొన్నది. వేశ్యావృత్తి నుండి బయటపడిన స్త్రీల కోసం అక్కడ కృపా సదనం ఏర్పడింది.

అర్చకుడనైన నేను చెప్పక తప్పని అంశం మరొకటి ఉన్నది. ఈ స్త్రీలలో కొందరిని ఆ మార్గంలో నిలిపినది దేవుని పేరే. 1901లో తిరునెల్వేలి ప్రాంతంలో, ఆలయానికి అంకితం కాబోతున్న ఒక బాలిక పారిపోయి వచ్చి ఎమీ కార్మైకేల్ అనే ఐరిష్ మిషనరీని ఆశ్రయించింది. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు ఆమె అట్టి బిడ్డలనే పెంచి 1951లో అక్కడే కన్నుమూసింది. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన ముత్తులక్ష్మీ రెడ్డి అటువంటి బాలికల కోసం అవ్వై హోమ్ నడిపింది. అయినా జోగిని దురాచారం తెలంగాణ పల్లెలలో కొనసాగినందువల్లనే 1988లో ఆంధ్రప్రదేశ్ మరొక చట్టం చేయవలసివచ్చింది. అమ్మవారి పేరిట ఒక దళిత బాలిక మెడలో కట్టిన తాళి ఊరందరి భోగానికి అనుమతిపత్రమైతే, అది పూజ కాదు, అమ్మవారికి అపచారం. మనవారు కట్టిన ఆ ముడిని విప్పడానికి వచ్చినవాని మతాన్ని అడిగే ముందు, ముడి వేసిన చేయి ఎవరిదో అడగాలి.

వర్తమానానికి వద్దాము. విజయవాడ రైల్వే జంక్షన్‌లో దిగే ఇల్లు విడిచిన బాలల కోసం డాన్ బోస్కో సభకు చెందిన నవజీవన్ బాలభవన్ 1989 నుండి పనిచేస్తున్నది. కనకదుర్గమ్మ కొలువై ఉన్న ఇంద్రకీలాద్రి ఆ స్టేషనుకు ఎంతో దూరం లేదు. హైదరాబాదులో 1996లో 'మెహబూబ్ కీ మెహందీ' అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు, ఆ స్త్రీల బిడ్డల కోసం బడి తెరిచి ప్రజ్వల సంస్థను ఆరంభించినవారు సునీతా కృష్ణన్, క్రైస్తవ సోదరసభకు చెందిన బ్రదర్ జోస్ వెట్టికాటిల్. బిడ్డను కాపాడే వేళ మతభేదం అడ్డురాదని ఈ సహకారమే నిదర్శనం.

అయితే మిషనరీ సోదరులతో కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆకలితో ఉన్న బాలుని అంగీకారం అంగీకారం కాదు. పెట్టే చేతిని కాదనలేని పదేళ్ళ పసివాడు ఏ ప్రార్థన చేయమన్నా చేస్తాడు. దానిని విశ్వాసమని లెక్కించడం విశ్వాసానికే అవమానం. మతప్రచార హక్కులో పరుని మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో సుప్రీంకోర్టు స్టెనిస్లాస్ కేసులో నిర్ణయించింది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో మైనరుకు సంరక్షకుని సమ్మతి లేకుండా మతబోధ చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. ఆలనాపాలన లేక దొరికిన బిడ్డను 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం ఆదేశిస్తున్నది. ఈ మర్యాదలు అందరికీ సమానం. రేపు మనం ఆశ్రమం తెరచినా, క్రైస్తవ కుటుంబపు బిడ్డ వస్తే వాని ప్రార్థన వానికే వదిలివేయాలి.

ఎందుకంటే, పోటీ కోసం చేసే సేవ కూడా వ్యాపారమే. ప్రత్యుపకారం ఆశించక, ఇవ్వవలసినదని ఇచ్చే దానమే సాత్త్వికమని గీత పదిహేడవ అధ్యాయంలో భగవానుడు నిర్ణయించాడు. మతాంతరీకరణను అడ్డుకోవడానికే పెట్టే అన్నం ఆ నిర్వచనానికి లోబడదు. ఆకలి తీర్చడానికి పెట్టిన అన్నం లోబడుతుంది. అన్నదానంలో ఆకలియే పాత్రత అని పెద్దల మాట.

కనుక దేవాలయాల పెద్దలకు, భక్తులకు నా విన్నపం. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం అనాథల కోసం బాలమందిరం నడుపుతున్నది. ఆ మార్గం పెద్ద ఆలయాలన్నిటికీ అనుసరణీయం. చిన్న ఆలయాలు నిత్యాన్నదానంలో ఒక పూట స్టేషను బాలలకు, ఆ వాడలలోని తల్లులకు చేరేటట్లు చూడవచ్చు. వృత్తి విడిచిన స్త్రీ పూలు కట్టి జీవిస్తానంటే గుడి వాకిట చోటివ్వవచ్చు. అర్చకులు చేయగలిగినది మరీ సులభం. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పి సంకల్పం చేయడం మన సంప్రదాయంలోనే ఉన్నది. అట్టి తల్లి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చినప్పుడు తండ్రి పేరు గుచ్చిగుచ్చి అడగక, వరుసలోని వారంతా తిరిగి చూసేటట్లు చేయక, ఆ బిడ్డ పేరు మాత్రం అడిగి, కాశ్యప గోత్రంతో అర్చన చేసి, శఠగోపం పెట్టి పంపితే చాలు.

ఆ పని చేసిన తరువాత, మిషనరీల పద్ధతులను విమర్శించే అర్హత మనకు కలుగుతుంది. అప్పటికి బహుశా విమర్శ అవసరం కూడా తగ్గి ఉంటుంది.

స్వస్తి.