ధావకుని ధనమూ, మయూరుని ఆరోగ్యమూ

కావ్యం వలన కలిగే ప్రయోజనాలు ఆరని మమ్మటుడు కావ్యప్రకాశం మొదటనే చెప్పాడు: కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, అనర్థ నివారణ, సద్యఃపరనిర్వృతి, కాంతాసమ్మితమైన ఉపదేశం. వీటికి ఆయనే ఉదాహరణలు కూడా ఇచ్చాడు. కీర్తికి కాళిదాసు. ధనానికి ధావకుడు; శ్రీహర్షుని వలన అతనికి డబ్బు వచ్చింది. అనర్థ నివారణకు మయూరుడు. సూర్యుని స్తుతించి వ్యాధి పోగొట్టుకొన్నాడు. భాషాప్రవీణ చదివినవారు ఈ జాబితాను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలరు. అప్పజెప్పడం వేరు, ఆలోచించడం వేరు. ధావకుని పక్కన మయూరుని ఎందుకు నిలబెట్టాడా అని నాకు తోచడానికి ఒక చిత్రకళా ప్రదర్శన కావలసివచ్చింది.

ధావకుని గురించి పాత వ్యాఖ్యాతలు కొందరు ఒక ముచ్చట చెబుతారు. రత్నావళి నాటిక ఇతడే రాశాడట. శ్రీహర్షుని పేర పెట్టి ధనం పుచ్చుకొన్నాడట. నిజమో కాదో తేల్చడం మన పని కాదు. కథలోని కీలకం మాత్రం గమనించదగినది. ధనం వచ్చినది, పేరు పోయినది. మయూరుని కథలో బేరమే లేదు. రోగి అతడే, కవీ అతడే, ఫలం పొందినవాడూ అతడే. సూర్యశతకాన్ని తరువాతివాళ్ళు చదువుకొన్నారు, వ్యాఖ్యానాలు రాసుకొన్నారు. అది వేరు సంగతి. రాసేనాడు అది అతని రోగానికి అతని మందు.

నిరుపేద పిల్లలకు, మనసు గాయపడిన పిల్లలకు, వైకల్యం గల పిల్లలకు బొమ్మలు వేయించి ఊరట కలిగించే పని ఇప్పుడు మన నగరాలలోనూ సాగుతున్నది. దీనిని చికిత్సాత్మక చిత్రకళ అంటున్నారు. ఆ పనికి నిధుల కోసం ప్రదర్శనలు పెడుతున్నారు. మంచి పనే. అయితే ఆ ప్రదర్శనశాలలో ధావకుడినీ మయూరుడినీ ఒకే గోడకు వేలాడదీస్తున్నారు. నా అభ్యంతరమంతా అంతే.

ముందు ఈ విద్య సంగతి రెండు మాటలు. ఆర్ట్ థెరపీ అన్న పేరు పెట్టినవాడు ఆడ్రియన్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు. 1938లో క్షయవ్యాధితో శానిటోరియంలో పడి ఉండి, మంచం మీదనే బొమ్మలు గీసుకొంటూ తేరుకొన్నాడు. తోటి రోగులచేత కూడా గీయించాడు. 1942లో ఈ మాట వాడాడు. మన మయూరుని బంధువన్నమాట! ఇందులో పద్ధతి సామాన్యమైనదే కాని పాటించడం కష్టం. బొమ్మకు మార్కులుండవు. బాగుందనో బాగులేదనో అనరు. "ఇదేమిటి?" అని నిలదీయరు, పిల్లవాడు చెబితే వింటారు, చెప్పకపోతే ఊరుకొంటారు. వారం వారం అదే వేళకు అదే మనిషి వచ్చి కూర్చొంటాడు. వేసిన బొమ్మ పిల్లవాడిది. దానిని ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో అతని ఇష్టం. ఇంతకాలం పదిమందిలో "చదువు, చదువు" అని గద్దించిన నావంటి ఉపాధ్యాయునికి ఇందులో ప్రతి నియమమూ ఒక చిన్న శిక్ష.

ఈ ఊహ విదేశాలనుంచి దిగుమతి అయినదని అనుకోనక్కరలేదు. మా పాచిపెంట ఉన్న పార్వతీపురం మన్యం జిల్లాలోనే, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండలలో సవరలున్నారు. వారి ఇళ్ళలో ఎర్రమట్టితో అలికిన గోడలమీద బియ్యపుపిండి నీళ్ళతో, కొస నలగ్గొట్టిన పుల్లతో వేసే బొమ్మలు ప్రసిద్ధం. వెరియర్ ఎల్విన్ 1951లో వెలువరించిన మధ్యభారత గిరిజన కళల గ్రంథంలో వీటిని విపులంగా వర్ణించాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, చనిపోయినవారికి నిలువనీడ చూపవలసి వచ్చినప్పుడు, పంట కోసం, పిల్లల కోసం ఆ బొమ్మ వేస్తారు. చతురస్రంగా గీత గీస్తే అది ఇల్లు. అందులో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు. కొండమీదికి కొత్తగా ఏది వచ్చినా, తుపాకి కానీ సైకిలు కానీ ఆకాశాన పోయే విమానం కానీ, అదీ ఆ గోడమీదికి ఎక్కుతుంది. భయపెట్టినదానినీ ఆశ్చర్యపరచినదానినీ గీతలోకి తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం ఎంత గొప్ప ఆలోచన! చీకటి గదిలో పొయ్యిపొగకు ఆ బొమ్మ మసిబారుతుంది. మళ్ళీ అలుకుతారు. అవసరం వస్తే మళ్ళీ వేస్తారు. దానికి వెల కట్టినవాడు ఆ ఇంట్లో లేడు.

ఇప్పుడు సవర చిత్రకారులు అదే శైలిని గుడ్డమీద, కాగితంమీద వేసి అమ్ముతున్నారు. అందులో తప్పు నాకు కనబడదు. పెద్దవాళ్ళు, తెలిసి వేస్తున్నారు, తమ పేరు పెట్టుకొంటున్నారు, తమ వెల తామే అడుగుతున్నారు. ఆ గుడ్డమీది బొమ్మ వేరు, ఆ గోడమీది బొమ్మ వేరు అని మనకంటె వారికే బాగా తెలుసు. పిల్లవాడికి ఆ తేడా ఎవరు చెబుతారు?

పాచిపెంట సంగతికి వస్తాను. సాలూరునుంచి ఒడిశా వైపు ఎక్కే ఘాటురోడ్డు ఈ మండలం కొండలమీదుగానే పోతుంది. కింద పెద్దగెడ్డ జలాశయం, పైరు, పైన గూడేలు. కొండదొరలు, జాతాపులు, గదబలు. పైనుంచి పిల్లలు ఆరేడేళ్ళకే ఆశ్రమ పాఠశాలకు దిగుతారు. ఒక ట్రంకు పెట్టె, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. పండుగకో, జ్వరానికో తప్ప ఇల్లు ఉండదు. బడిలోకి రాగానే చుట్టూ తెలుగు. అందులోనూ నా వంటివాడు చెప్పే తెలుగు! అల్పప్రాణమూ మహాప్రాణమూ అని నేను బల్ల గుద్దుతూ ఉంటే, ఇంట్లో వేరొక మాట మాట్లాడి వచ్చిన పిల్లవాడు కిటికీలోంచి కొండకేసి చూస్తూ ఉండేవాడు. అటువంటివాడొకడు రెండు నెలలు నోరు విప్పలేదు. ఒకనాడు పలకమీద గుండ్రంగా ఏదో గీసి, చుట్టూ గీతలు పెట్టి నా ముందు ఉంచాడు. పశువుల కొట్టమట. అది చెప్పడానికి అతనికి ఒక తెలుగు మాట కావలసివచ్చింది, అడిగి తీసుకొన్నాడు. అదే అతడు నన్నడిగిన మొదటి మాట. చికిత్స అన్న పేరు నాకప్పుడు తెలియదు. ఆ పలకను మరునాడు తడిగుడ్డతో తుడిచేశాడు, ఏమాత్రం విచారం లేకుండా.

ఇక ప్రదర్శన. కొన్నేళ్ళ క్రితం ఒక నగరంలో చూశాను. ఎవరు పెట్టినదీ ఇక్కడ అప్రస్తుతం. హాలులో సగం గోడకు పేరున్న చిత్రకారులు ఉదారంగా ఇచ్చిన బొమ్మలు. మిగతా సగానికి పిల్లల బొమ్మలు, చట్రాలు కట్టి. ప్రతి బొమ్మ కిందా రెండు చీటీలు. ఒకదానిమీద వెల. రెండవదానిమీద పిల్లవాని చరిత్ర: తండ్రి ఎలా పోయాడు, తల్లి ఎక్కడికి వెళ్ళింది, ఈ పిల్ల ఎవరిచేతిలో ఎన్ని దెబ్బలు తిన్నది. చూసేవారు బొమ్మకంటె ముందు రెండవ చీటీ చదువుతున్నారు. చదివి నిట్టూర్చి, అప్పుడు బొమ్మకేసి చూస్తున్నారు. ఒకావిడ "ఇంకా విచారకరమైనది ఏదైనా ఉందా అండీ?" అని అడిగింది. ఆమె దుర్మార్గురాలు కాదు, దయగలదే. ఆ ఏర్పాటు ఆమె చేత ఆ మాట అనిపించింది. శోకం స్థాయిగా కరుణరసం పుడుతుందని పాఠం చెప్పినవాణ్ణి. రసానికీ సరుకుకూ మధ్య గీత ఆ హాలులో చెరిగిపోయింది.

నిర్వాహకుల వాదం నాకు తెలుసు. కథ చెప్పకపోతే చేయి జేబులోకి పోదు. డబ్బు లేకపోతే రంగులు లేవు, నేర్పేవారు లేరు. ఈ వాదాన్ని తేలికగా తీసివేయను. దానం అడగడం ఎంత కష్టమో ఊరి గ్రంథాలయానికి చందాలు దండినవారికి తెలుస్తుంది. అయితే కథ చెప్పకుండా నిధులు పోగైన దృష్టాంతాలున్నాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక వియన్నాలో పిల్లలు ఆకలితో మాడుతున్నప్పుడు, అక్కడ ఫ్రాంజ్ చిజెక్ అనే ఆచార్యుడు నడిపే బాలల తరగతి చిత్రాలను 1920లో లండనులో ప్రదర్శించారు. సేవ్ ది చిల్డ్రన్ సంస్థ పెట్టి అప్పటికి ఏడాదే అయింది. ప్రదర్శన ఆ సహాయనిధి కోసమే. ఆ బొమ్మలలో ఆకలి లేదు. పండుగలు, మంచు, పూలు ఉన్నాయి. జనం వచ్చి "పిల్లలు ఇంత బాగా వేస్తారా!" అని ఆశ్చర్యపోయారు. జాలికంటె ఆశ్చర్యం మర్యాదగల భావం. భరతుడు అద్భుతానికి వేరే పీట వేసినది ఊరకే కాదు.

1949లో యునిసెఫ్ తొలి శుభాకాంక్షల కార్డు సంగతీ అంతే. చెకొస్లోవేకియాలో ఒక పల్లెకు సహాయం అందితే, జిట్కా సామ్కోవా అనే ఏడేళ్ళ పిల్ల కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసి పంపింది. ఆడుతున్న పిల్లల బొమ్మ. దానిని అచ్చువేసి కార్డు చేశారు. లోకం కొన్నది అచ్చు ప్రతిని.

చిజెక్ వద్ద చదువుకొన్నవారిలో ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ ఒకరు. ఆమెను 1942 డిసెంబరులో నాజీలు తెరెజిన్ నిర్బంధ నగరానికి పంపారు. తన సామానులో చోటున్నంతవరకు బొమ్మల సామగ్రి పట్టుకొని పోయినదట. అక్కడ పిల్లలచేత రెండేళ్ళ పాటు గీయించింది. బొమ్మమీద పేరు రాయమని పట్టుపట్టేది. అక్కడ మనుషులు అంకెలుగా మారుతున్నారు కనుక. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. పిల్లల బొమ్మలు రెండు పెట్టెలలో దాచి పోయినవి సుమారు 4,500, యుద్ధం తరువాత దొరికాయి. ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లలలో అత్యధికులు బ్రతకలేదు. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. ఏ ఒక్కదానికైనా వెల చీటీ కట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి.

కనుక నేను కోరేది ఇది. పెద్ద చిత్రకారుల బొమ్మలు అమ్మండి. ఎంత పెద్ద వెలకైనా అమ్మండి. అది ధావకుని పని, ధర్మమైన పని. పేరు కూడా వారికే ఉంచండి. పిల్లల బొమ్మలు చూపదలిస్తే, పిల్లవాడు ఒప్పుకొంటేనే, పెద్దవాళ్ళు ఒప్పుకొంటేనే చూపండి. కార్డుగా అచ్చువేసి అమ్ముకోండి, అసలును అతని ట్రంకు పెట్టెకు చేర్చండి. కష్టాల చీటీ మాత్రం వద్దు. 2015 నాటి బాలల న్యాయచట్టం 74వ సెక్షను రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును పత్రికలలో, ప్రసారాలలో బయటపెట్టవద్దంటున్నది. హాలు గోడ పత్రిక కాదని వాదించే లౌక్యం నాకు లేదు. పేరు మాట వచ్చినప్పుడు తెరెజిన్ పంతులమ్మ ఒకవైపు, ఈ చట్టం ఒకవైపు లాగుతున్నట్లుంటాయి. నాకు తోచినంతలో విరోధం లేదు. పేరు చిత్రకారుని సంతకంగా ఉండవచ్చు, రోగచరిత్రకు శీర్షికగా ఉండకూడదు. రెండూ ఒకే చోట కలవకుండా చూస్తే చాలు.

వచ్చిన డబ్బు ఖర్చు గురించి కూడా ఒక మాట. మా వైపు కొండలకు రంగుపెన్సిళ్ళ పెట్టెలు చాలా వచ్చాయి. ఒకరోజు శిబిరం, ఫోటో, సాయంత్రానికి జీపు దిగిపోతుంది. పిల్లలు రంగులు మూడురోజుల్లో అరగదీస్తారు. నాలుగవనాడు ఎవరొస్తారు? కావలసినది మనిషి. వారానికి ఒకరోజైనా ఏడాది పొడుగునా వచ్చేవాడు. పిల్లవాడు బొమ్మ గురించి ఇంటిభాషలో చెబితే అర్థమయ్యేవాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవరభాష నేర్చుకొని, వాచకాలు రాసి, తన ఖర్చుతో సవర పిల్లలకు వారి మాటలోనే బడి పెట్టించారు. మన పండితులం ఆయనను వ్యావహారిక వాదానికి మాత్రమే తలచుకొని, తిట్టవలసినప్పుడు తిట్టి, ఈ సంగతి మరచిపోతాం. 2004లో ప్రభుత్వం కొండ, కువి, సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకాలు తెచ్చింది. ఆ వాచకాలు చదివి పెరిగినవారిలో ఇప్పుడు ఉద్యోగం వెతుక్కొనే యువతీ యువకులుంటారు. నగరంలో అమ్ముడైన ఒక తైలవర్ణ చిత్రం వెలతో వారిలో ఒకరికి శిక్షణ ఇప్పించి, ఏడాది జీతం ఇవ్వవచ్చు.

నగరంలో ప్రదర్శన ముగిశాక ఆ పిల్లల బొమ్మలను ఒకసారి పాచిపెంటలో కూడా పెట్టమని అడగాలని ఉంది. హాలు అక్కరలేదు, బడి వరండా చాలు. సంతకు దిగిన తల్లిదండ్రులు బరువులు దించి, కాసేపు నిలబడి చూసి పోతారు. వారికి చీటీలు చదవడం రాదు కనుక బొమ్మనే చూస్తారు.