ఒకే రోడ్డు, రెండు జీతాలు

2015 జులైలో సమ్మెకు దిగేదాకా జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికుల జీతం నెలకు 8,500 రూపాయలు. అంటే రోజుకు 283. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, దవాఖాన ఖర్చు అన్నీ అందులోనే. పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్లు వీళ్లలో ఎందరో! చీపురు కింద పెడితే గానీ సర్కారుకు వీళ్లు కనబడలేదు. అప్పుడు 12,500 చేసింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వ ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు. దాన్ని మేం తప్పుపట్టం, కొట్లాడి తెచ్చుకున్నదే. కానీ పర్మినెంటు కార్మికుడు ఊడ్చే రోడ్డే కదా ఔట్‌సోర్సింగ్ కార్మికురాలూ ఊడ్చేది? సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అయినా ‘ఔట్‌సోర్సింగ్’ అనే ఒక్క మాట అడ్డం పెడతారు. పని చేయించుకునేది ఒకరు, కాగితం మీద యజమాని మరొకరు. జీతం సంగతి అడిగితే ఒకరు ఇంకొకరి దిక్కు వేలు చూపుతారు.

2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నడిపిన ఉద్యోగ సంఘాలకు సమ్మె విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. మేం అడిగేది ఒక్కటే. వచ్చే పీఆర్సీకి ఇచ్చే వినతిపత్రంలో మీ ఫిట్‌మెంట్ శాతం పక్కనే ఈ కార్మికుల మూలవేతనం కూడా రాయండి. ఆఖరి పేజీలో కాదు, మొదటి పేజీలో.